ముల్లును ముల్లుతోనే.. మొండి బ్యాక్టీరియాకు వైరస్‌తో విరుగుడు

* యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిములపై ‘ఫేజ్‌’ వైద్యం
* వందేళ్ల నాటి విధానం వైపు మళ్లీ ప్రపంచం చూపు
* రొయ్యల హేచరీలకూ ఉపయోగం.. అయినా సర్వరోగ నివారిణి కాదు

భీమవరం: మధుమేహ రోగి కాలికి పడిన పుండు నెలల తరబడి మందులు వాడినా మానదు. శస్త్రచికిత్స చక్కగా జరిగిన రోగికి ఆసుపత్రిలో సోకిన ఇన్‌ఫెక్షన్‌ ప్రాణం మీదకు తెస్తుంది. హేచరీ తొట్టెలో లక్షల సంఖ్యలో ఉన్న రొయ్య పిల్లలు రెండు మూడు రోజుల్లోనే మృత్యువాత పడతాయి. చూడటానికి వేర్వేరుగా కనిపించే ఈ మూడు కష్టాల వెనుకా చాలా సందర్భాల్లో ఉండే కారణం ఒక్కటే. వేసిన మందుకు బ్యాక్టీరియా లొంగకపోవడం.

ఒకప్పుడు ఒక్క ఇంజెక్షన్‌తో తగ్గిన జబ్బులకు నేడు ఖరీదైన మందులు మూడు నాలుగు మార్చినా గుణం కనిపించని పరిస్థితి. మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై 2019 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది మరణించారని 2022లో లాన్సెట్‌ వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. మన దేశంలోనూ పరిస్థితి ఆందోళనకరమే. పెద్దాసుపత్రుల్లోని ఐసీయూ రోగులను పీడించే అసినెటోబ్యాక్టర్‌ అనే బ్యాక్టీరియా నమూనాల్లో పదింట ఎనిమిదికి పైగా, చివరి అస్త్రాలుగా భావించే కార్బాపెనెమ్‌ మందులకు కూడా లొంగడం లేదని భారత వైద్య పరిశోధన మండలి ఇటీవలి నివేదికలు చెబుతున్నాయి.

కొత్త యాంటీబయాటిక్‌ కనుగొనడానికి ఏళ్లు పడుతుంది. దానికి అలవాటు పడటానికి బ్యాక్టీరియాకు అంత కాలం పట్టదు. ఈ నేపథ్యంలో శాస్త్రవేత్తలు వందేళ్ల క్రితమే కనుగొని పక్కన పెట్టిన ఒక విధానాన్ని మళ్లీ బయటకు తీస్తున్నారు. అదే బ్యాక్టీరియాను చంపే వైరస్‌లతో చేసే వైద్యం.

ఏమిటీ ఫేజ్‌?

వైరస్‌ పేరు వినగానే ఎవరికైనా భయం కలుగుతుంది. కరోనా మిగిల్చిన చేదు అనుభవం ఇంకా మరుపునకు రాలేదు. అయితే వైరస్‌లన్నీ మనిషికి శత్రువులు కావు. కొన్ని వైరస్‌లు బ్యాక్టీరియా మీద మాత్రమే దాడి చేస్తాయి. వీటినే బ్యాక్టీరియోఫేజ్‌లు, క్లుప్తంగా ఫేజ్‌లు అంటారు. గ్రీకు భాషలో ‘ఫేజిన్‌’ అంటే తినడం. బ్యాక్టీరియాను తినేవి కనుక ఆ పేరు వచ్చింది.

ఇవి బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు చిన్నవి. ఎలక్ట్రాన్‌ సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్నింటికి పలకలుగా చెక్కినట్లున్న తల, సన్నని తోక, సాలీడు కాళ్లను పోలిన పోగులు కనిపిస్తాయి. ఆ పోగులతో ఫేజ్‌ తనకు సరిపడే బ్యాక్టీరియా గోడకు అంటుకుంటుంది. తోక ద్వారా తన జన్యు పదార్థాన్ని లోపలికి ఎక్కిస్తుంది. అక్కడి నుంచి బ్యాక్టీరియా తన పని మాని ఫేజ్‌లను తయారుచేసే కర్మాగారంగా మారిపోతుంది. చాలా రకాల్లో అరగంట నుంచి గంట లోపే పదుల నుంచి వందల సంఖ్యలో కొత్త ఫేజ్‌లు బ్యాక్టీరియాను పగులగొట్టుకుని బయటపడతాయి. అవి పక్కనున్న బ్యాక్టీరియా మీద పడతాయి. శత్రువు ఉన్నంత కాలం సంఖ్య పెరుగుతుంది. శత్రువు నశించాక తిండి లేక అవీ తగ్గిపోతాయి.

మనిషి కణాలకు అంటుకునే శక్తి ఫేజ్‌లకు లేదు. నిజానికి మనం నిత్యం వీటి మధ్యనే బతుకుతున్నాం. మట్టిలో, నదిలో, సముద్రంలో, మురుగు కాల్వలో, మన పేగుల్లో కూడా ఇవి ఉంటాయి. భూమి మీద ఉన్న ఫేజ్‌ల సంఖ్య 1 పక్కన 31 సున్నాలు పెడితే వచ్చేంత ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. బ్యాక్టీరియా ఎక్కడ ఎక్కువగా ఉంటే దాన్ని తినే ఫేజ్‌ కూడా అక్కడే దొరుకుతుంది. అందుకే ఆసుపత్రి మురుగునీరు పరిశోధకులకు నిధి వంటిది.

గంగ నీటిలో తొలి ఆనవాలు

ఈ కథలో మన దేశానికి మొదటి నుంచీ స్థానం ఉంది. ఆంగ్లేయుల ఏలుబడిలో ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకునిగా పనిచేసిన ఎర్నెస్ట్‌ హాంకిన్‌ 1896లో ఒక వింత విషయాన్ని ప్రకటించారు. గంగ, యమున నీటిలో కలరా క్రిమిని వేస్తే అది కొద్ది గంటల్లోనే నశిస్తోందని, అదే నీటిని మరిగిస్తే ఆ గుణం పోతోందని ఆయన గమనించారు. ఆ నీటిలో ఉన్నది ఏమిటో ఆయనకు తెలియదు. అది ఫేజ్‌ల ప్రభావమే కావచ్చని తరువాతి కాలంలో పలువురు భావించారు. అయితే ఆ నీరు తాగితే రోగాలు పోతాయని దీనికి అర్థం కాదు. ఫేజ్‌లున్న నీటిలోనే రోగకారక క్రిములూ ఉంటాయని మరువరాదు.

1915లో బ్రిటన్‌కు చెందిన ఫ్రెడరిక్‌ ట్వార్ట్‌, 1917లో పారిస్‌ పాశ్చర్‌ సంస్థలో పనిచేస్తున్న ఫెలిక్స్‌ డి హెరెల్‌ వేర్వేరుగా ఈ వింత శక్తిని గుర్తించారు. బ్యాక్టీరియోఫేజ్‌ అని పేరు పెట్టింది డి హెరెలే. 1919లో పారిస్‌లోని పిల్లల ఆసుపత్రిలో రక్త విరేచనాలతో బాధపడుతున్న బాలునికి ఆయన ఫేజ్‌ ద్రవాన్ని తాగించారు. దానికి ముందు తాను స్వయంగా తాగి ప్రమాదం లేదని నిర్ధారించుకున్నారు. బాలుడు కోలుకున్నాడు.

1927లో డి హెరెల్‌ కలరాపై ప్రయోగాల కోసం భారతదేశానికి వచ్చారు. పంజాబ్‌లో రోగులకు ఫేజ్‌ ద్రవం ఇవ్వడమే కాక, కలరా సోకిన గ్రామాల్లోని బావుల్లోనూ కలిపించారు. అనంతరం అస్సాంలోనూ, పాట్నాలోనూ పరిశోధనలు కొనసాగాయి. కలరా వస్తే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన రోజులవి. యాంటీబయాటిక్‌ అనే మాట కూడా పుట్టని ఆ కాలంలో మన గ్రామీణులపై ఈ వైద్యం సాగిందన్న సంగతి నేడు చాలా మందికి తెలియదు.

పెన్సిలిన్‌ రాకతో మరుగున

మరి ఇంతటి వైద్యం ఎందుకు మూలన పడింది? కారణాలు రెండు. మొదటిది, నాటి ఫేజ్‌ మందుల్లో నాణ్యత కొరవడింది. ఏ ఫేజ్‌ ఏ బ్యాక్టీరియాను చంపుతుందో సరిగా తెలియకుండానే సీసాల్లో నింపి అమ్మిన సంస్థలు ఉన్నాయి. ఫలితాలు ఒకచోట బాగుంటే మరోచోట శూన్యం. రెండోది, 1940వ దశకంలో పెన్సిలిన్‌ అందుబాటులోకి వచ్చింది. రోగకారక క్రిమి ఏదో కచ్చితంగా తెలియకపోయినా పనిచేసే మందు చేతికి వచ్చాక ఒక్కో క్రిమికి ఒక్కో ఫేజ్‌ వెతికే ఓపిక వైద్యులకు లేకపోయింది.

నాటి సోవియట్‌ యూనియన్‌లో మాత్రం ఈ దీపం ఆరలేదు. జార్జియా రాజధాని టిబిలిసిలో 1923లో జార్జి ఎలియావా స్థాపించిన సంస్థ ఫేజ్‌ల తయారీకి కేంద్రమైంది. స్టాలిన్‌ పాలనలో 1937లో ఎలియావాకు మరణ శిక్ష అమలు చేశారు. అయినా ఆయన పెట్టిన సంస్థ నిలిచింది. 1963-64లో టిబిలిసి నగరంలో 30,769 మంది పిల్లలపై ఒక పెద్ద పరిశీలన జరిగింది. వీధికి ఒక పక్క ఇళ్లలోని పిల్లలకు ఫేజ్‌ మందు, రెండో పక్క పిల్లలకు మందు లేని ఉత్తి మాత్రలు ఇచ్చారు. ఫేజ్‌ తీసుకున్న పిల్లల్లో రక్త విరేచనాలు రెండో వర్గం కంటే దాదాపు నాలుగో వంతుకు తగ్గినట్లు నమోదైంది. ఎలియావా సంస్థకు నేటికీ పలు దేశాల నుంచి రోగులు వెళుతున్నారు.

మృత్యుముఖం నుంచి వెనక్కి

పాశ్చాత్య దేశాలు మళ్లీ ఈ వైపు చూడటానికి ముఖ్య కారణం అమెరికాలో జరిగిన ఒక సంఘటన. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు టామ్‌ పాటర్సన్‌ 2015 చివర్లో ఈజిప్టు విహారయాత్రలో తీవ్ర కడుపునొప్పితో కుప్పకూలారు. క్లోమ గ్రంథి వాపుతో మొదలైన జబ్బుకు అసినెటోబ్యాక్టర్‌ తోడైంది. ఏ యాంటీబయాటిక్‌కూ అది లొంగలేదు. స్వదేశానికి తరలించినా ఫలితం లేక కోమాలోకి జారుకున్నారు.

ఆయన భార్య స్టెఫానీ స్ట్రాత్‌డీ స్వయంగా అంటువ్యాధుల శాస్త్రవేత్త. పాత పరిశోధన పత్రాలు తిరగేసి ఫేజ్‌ల గురించి తెలుసుకున్నారు. టెక్సాస్‌లోని విశ్వవిద్యాలయ ప్రయోగశాల, అమెరికా నౌకాదళ ప్రయోగశాల ఆయన ఒంట్లోని బ్యాక్టీరియాను తెప్పించుకుని, దానికి సరిపడే ఫేజ్‌లను తమ నిల్వల్లోనూ మురుగునీటి నమూనాల్లోనూ వెతికి పట్టుకున్నాయి. ప్రభుత్వం నుంచి అత్యవసర అనుమతి పొంది 2016 మార్చిలో ఆయనకు ఎక్కించారు. కొద్ది రోజుల్లోనే పాటర్సన్‌ కళ్లు తెరిచారు. మధ్యలో బ్యాక్టీరియా ఫేజ్‌లకూ ఎదురు తిరిగింది. అప్పుడు మరో కొత్త ఫేజ్‌ను వెతికి, యాంటీబయాటిక్‌తో కలిపి ఇచ్చారు. ఆగస్టులో ఆయన ఇంటికి చేరారు.

ఒక్క రోగి కోలుకున్నంత మాత్రాన వైద్యం రుజువైనట్లు కాదు. అయితే మూతపడిన తలుపును ఆ సంఘటన మళ్లీ తెరిచింది.

పరిశోధనల్లో తేలిందేమిటి?

కాలిన గాయాలకు సోకే సూడోమోనాస్‌ బ్యాక్టీరియాపై ఫ్రాన్స్‌, బెల్జియం, స్విట్జర్లాండ్‌ వైద్యులు ‘ఫేగోబర్న్‌’ పేరిట ఒక ప్రయోగం చేపట్టారు. 2018లో వెలువడిన ఫలితాలు నిరాశ కలిగించాయి. మామూలు చికిత్స కంటే ఫేజ్‌ మందు నెమ్మదిగా పనిచేసింది. లోతుగా పరిశీలిస్తే, నిల్వ ఉంచిన మందులో ఫేజ్‌ల సంఖ్య దారుణంగా పడిపోయి, ఉద్దేశించిన మోతాదు రోగులకు అందనే లేదని తేలింది. తయారీ, నిల్వ ఎంత కీలకమో దీంతో స్పష్టమైంది.

దీనికి భిన్నంగా, బెల్జియం వైద్యుల సమన్వయంతో 12 దేశాల్లో చికిత్స పొందిన 100 మంది రోగుల వివరాలు 2024లో ప్రచురితమయ్యాయి. ఇతర మందులు విఫలమైన ఆ రోగుల్లో 77 శాతం మందికి గుణం కనిపించింది. 61 శాతం మందిలో రోగకారక బ్యాక్టీరియా పూర్తిగా తొలగిపోయింది. ఇందులో గమనించదగిన అంశం మరొకటి ఉంది. ఫేజ్‌తో పాటు యాంటీబయాటిక్‌ కూడా ఇచ్చిన వారిలోనే ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. అంటే ఈ వైద్యం యాంటీబయాటిక్‌లను తరిమివేసేది కాదు. వాటికి తోడుగా నిలిచేది.

అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ తోడ్పాటు ఎలా సాగుతుందో చూపారు. కనెక్టికట్‌ రాష్ట్రంలోని ఒక చెరువు నీటిలో వారికి దొరికిన ఫేజ్‌, మందును బయటకు తోడివేసేందుకు బ్యాక్టీరియా వాడే పంపును పట్టుకునే లోపలికి వెళుతుంది. ఫేజ్‌ నుంచి తప్పించుకోవాలంటే బ్యాక్టీరియా ఆ పంపును మార్చుకోవాలి. మార్చుకుంటే పాత యాంటీబయాటిక్‌కు మళ్లీ లొంగిపోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న చందంగా దాని పరిస్థితి మారుతుంది.

మన దేశంలో వారణాసిలోని బనారస్‌ హిందూ విశ్వవిద్యాలయ వైద్యులు దీర్ఘకాలంగా మానని పుండ్లున్న 20 మందికి పుండుపై ఫేజ్‌ ద్రవం వాడి, మెరుగైన ఫలితాలు వచ్చినట్లు 2019లో ప్రచురించారు. మధుమేహంతో కాళ్లు కోల్పోతున్న వారి సంఖ్యను తలచుకుంటే ఇది ఆశ కలిగించే కబురే. అయితే రోగుల సంఖ్య చిన్నది కనుక తుది నిర్ధారణకు ఇది చాలదు.

హేచరీల్లో ఆశారేఖ

మనుషుల వైద్యం కంటే ముందుగా ఫేజ్‌లు ఆహార రంగంలో నిలదొక్కుకున్నాయి. తినడానికి సిద్ధంగా ఉన్న మాంసంపై లిస్టీరియా క్రిమిని చంపేందుకు ఫేజ్‌లను చల్లడానికి అమెరికా ప్రభుత్వం 2006లోనే అనుమతించింది. మన కోస్తా జిల్లాలకు సంబంధించినంత వరకు ముఖ్యమైనది రొయ్యల రంగం.

హేచరీల్లో రొయ్య పిల్లలను కబళించే క్రిముల్లో విబ్రియో జాతి ప్రధానమైనది. అందులో ఒక రకం సోకితే రాత్రివేళ చీకట్లో పిల్లలు మిణుగురుల్లా మెరుస్తాయి. తెల్లవారేసరికి తొట్టె అడుగున చనిపోయి కనిపిస్తాయి. పూర్వం దీనికి విచ్చలవిడిగా యాంటీబయాటిక్‌లు వాడేవారు. ఫలితంగా విబ్రియో మొండికేసింది. మరోవైపు రొయ్యల్లో మందుల అవశేషాలు బయటపడి విదేశాల నుంచి సరుకు తిరిగి వచ్చిన సంఘటనలు ఉన్నాయి. 2016లో ఐరోపా సమాఖ్య భారత్‌ నుంచి వచ్చే సాగు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఒక కంటైనర్‌ తిరస్కరణకు గురైతే ఆ దెబ్బ చివరకు చెరువు గట్టున ఉన్న రైతు ధర మీదే పడుతుంది.

మంగళూరు మత్స్య కళాశాల శాస్త్రవేత్తలు విబ్రియోను చంపే ఫేజ్‌లను వేరుచేసి టైగర్‌ రొయ్య పిల్లలపై ప్రయోగించారు. ఫేజ్‌లు వాడిన తొట్టెల్లో 80 శాతానికి పైగా పిల్లలు బతకగా, యాంటీబయాటిక్‌లు వాడిన తొట్టెల్లో 70 శాతం కూడా దక్కలేదని 2007లో వెల్లడించారు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపక సంస్థలోనూ ఈ దిశగా పరిశోధనలు జరిగాయి. ఫేజ్‌ వాడితే సరుకులో మందు అవశేషం అనే సమస్యే ఉండదు.

అయితే రైతులు ఒక విషయం గుర్తించాలి. హేచరీ తొట్టె వేరు, ఎకరాల విస్తీర్ణంలోని చెరువు వేరు. తొట్టెలో పనిచేసింది చెరువులోనూ పనిచేస్తుందన్న హామీ లేదు. తెల్లమచ్చ వ్యాధి వైరస్‌ వల్ల వచ్చేది. దాని మీద ఫేజ్‌ ఏమాత్రం పనిచేయదు. ఏ విబ్రియో రకంపై పరీక్షించారో చెప్పకుండా ఫేజ్‌ పేరుతో సీసా అంటగడితే దాన్ని కొనడం డబ్బు నీటిలో పోసినట్లే.

పరిమితులూ ఉన్నాయి

ఫేజ్‌ బలమే దాని బలహీనత కూడా. ఒక ఫేజ్‌ ఒక జాతి బ్యాక్టీరియాను, అందులోనూ కొన్ని రకాలను మాత్రమే చంపుతుంది. దీని వల్ల కడుపులోని మేలు చేసే బ్యాక్టీరియాకు హాని ఉండదు. కానీ ఒక రోగికి పనిచేసిన మందు పక్క మంచం మీది రోగికి పనిచేయకపోవచ్చు. అందుకే పలు ఫేజ్‌లను కలిపి మిశ్రమంగా ఇస్తారు, లేదా రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాకు తగిన ఫేజ్‌ను ప్రత్యేకంగా వెతుకుతారు.

అన్ని ఫేజ్‌లూ చంపేవి కూడా కావు. కొన్ని బ్యాక్టీరియా జన్యువుల్లో కలిసిపోయి నిద్రాణంగా ఉంటాయి. కలరా క్రిమికి విషాన్ని ఇచ్చింది అటువంటి ఫేజేనని 1996లో శాస్త్రవేత్తలు నిరూపించారు. అందువల్ల చికిత్సకు ఎంచుకునే ప్రతి ఫేజ్‌ జన్యు క్రమాన్నీ ముందుగా పరీక్షించవలసి ఉంటుంది. పగిలిన బ్యాక్టీరియా నుంచి వెలువడే విష పదార్థాలను తొలగించి శుద్ధి చేయడమూ తప్పనిసరి. ఇదంతా ప్రయోగశాలలో జరగవలసిన పని. చెరువు నీరో, నది నీరో పుండు మీద పోసుకుంటే ఉన్న జబ్బు ముదురుతుంది.

అమెరికాలో ఇంతవరకు ఏ ఫేజ్‌ ఔషధానికీ పూర్తి స్థాయి అనుమతి లభించలేదు. వేరే దారి లేని రోగులకు ప్రత్యేక అనుమతితో మాత్రమే ఇస్తున్నారు. మన జిల్లా ఆసుపత్రుల్లో ఈ చికిత్స దొరికే రోజు దగ్గరలో ఉందని చెప్పడం అతిశయోక్తే అవుతుంది.

శత్రువెవరో తెలిస్తేనే..

అలాగని ఈ కథ నుంచి మనం నేర్చుకోవలసింది లేకపోలేదు. ఫేజ్‌ వైద్యానికి మొదటి మెట్టు కల్చర్‌ పరీక్ష. రోగి రక్తం, చీము, మూత్రం నుంచి బ్యాక్టీరియాను పెంచి, అది ఏ జాతిదో, దేనికి లొంగుతుందో తేల్చుకున్నాకే మందు. డి హెరెల్‌ కాలంలో ఈ మెట్టు దాటేసి సీసాలు అమ్మినందుకే ఫేజ్‌ వైద్యం అప్రతిష్ఠ పాలైంది. నేడు మనం యాంటీబయాటిక్‌ల విషయంలో సరిగ్గా అదే పొరపాటు చేస్తున్నాం. జలుబుకూ, ఒళ్లునొప్పులకూ మెడికల్‌ షాపులో అడిగి రెండు మాత్రలు వేసుకోవడం, గుణం కనిపించగానే మానేయడం, మిగిలినవి ఇంట్లో మరొకరికి ఇవ్వడం పల్లెల్లోనూ పట్టణాల్లోనూ సర్వసాధారణమైపోయింది. జలుబు వైరస్‌ వల్ల వస్తుంది. దానికి యాంటీబయాటిక్‌తో పని లేదు.

కీలకమైన పలు యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని, అమ్మిన వివరాలు పుస్తకంలో రాయాలని 2014 మార్చి నుంచి నిబంధన ఉంది. మనుషులకు చివరి అస్త్రమైన కొలిస్టిన్‌ను కోళ్లు, పశువులు, ఆక్వా మేతల్లో వాడరాదని 2019 జులైలో కేంద్రం నిషేధం విధించింది. నిబంధన కాగితం మీద ఉంటే చాలదు. కొనేవారూ అడగాలి, అమ్మేవారూ పాటించాలి.

మానని పుండు, తిరగబెట్టే మూత్ర ఇన్‌ఫెక్షన్‌, తగ్గని జ్వరం ఉన్నవారు మందు మార్చమని అడిగే ముందు కల్చర్‌ పరీక్ష అవసరమేమో వైద్యుని అడగటం మంచిది. రాసిన మందును వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి. రొయ్య రైతులు చెరువులో ఏ మందు చల్లే ముందైనా పిల్లలను, నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి జబ్బు ఏదో నిర్ధారించుకోవాలి.

ఫేజ్‌ వైద్యం రేపటి అస్త్రం. అది మన చేతికి అందే వరకు ఉన్న యాంటీబయాటిక్‌లను కాపాడుకోవలసిన బాధ్యత నేటిది. రేపు అది అందినా వాటి అవసరం తీరదు. ఫేజ్‌ సైతం యాంటీబయాటిక్‌ తోడు ఉన్నప్పుడే మెరుగ్గా పనిచేస్తోంది మరి.